పక్కింటి వైఫై, పక్కింటి పేరు

2008 జులై 26 సాయంత్రం అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు మొదలవడానికి కొద్ది నిమిషాల ముందు కొన్ని టీవీ చానళ్లకు ఒక ఈ-మెయిల్ చేరింది. ఆ పేలుళ్లలో 56 మంది ప్రాణాలు కోల్పోయారు. మెయిల్ జాడ తీస్తూ వెళ్లిన పోలీసులు నవీ ముంబయిలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాట్ దగ్గర ఆగారు. అందులో ఉంటున్నది ఒక అమెరికన్ కుటుంబం. ఉగ్రవాద నిరోధక దళం ఆ ఇంట్లోని కంప్యూటర్లు పట్టుకెళ్లింది, ఇంటాయనను పదేపదే ప్రశ్నించింది. ఆ మెయిల్‌తో ఆయనకు ఏ సంబంధమూ లేదని చివరికి తేలింది. ఆయన వైఫైకి సరైన రక్షణ లేదు. ఎవరో దాని సిగ్నల్ అందుకుని, పని ముగించుకుని వెళ్లిపోయారు. తర్వాతి నెలలో మరో మెయిల్ మాతుంగాలోని ఖాల్సా కాలేజీ వైఫై నుంచి వెళ్లింది. సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్లప్పటి మెయిల్ చెంబూరులోని ఒక కంపెనీ వైఫై నుంచి వచ్చింది. ప్రతిసారీ మొదట సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది ఏ పాపమూ ఎరగనివాళ్లకే.

పక్కింటి వైఫైలో క్రికెట్ మ్యాచ్ చూసే కుర్రాడిని ఉగ్రవాదితో కలిపి మాట్లాడటం అన్యాయం. కానీ మనం సాధారణంగా పట్టించుకోని ఒక సంగతిని ఆ మూడు ఘటనలూ కళ్లకు కట్టాయి. చెప్పకుండా ఒకరి వైఫై వాడుకుంటే పోయేది కాస్త డేటాయే అనుకుంటాం. నిజానికి అక్కడ మనం వాడుకుంటున్నది వాళ్ల పేరు. మనం చేసిన ప్రతి పనికీ ఇంటర్నెట్‌లో వాళ్ల సంతకం పడుతుంది. ఈ విషయంలో నైతికతను తూచాల్సిన తూకం ఇదేనని నా నమ్మకం. జీబీల లెక్క ఆ తర్వాతి మాట.

ఒక ఇంట్లో పది ఫోన్లు, రెండు లాప్‌టాప్‌లు, ఒక టీవీ ఉన్నా, అవన్నీ ఒకే రౌటర్ వెనక ఉన్నంతసేపు బయటికి కనిపించేది ఒకే ఐపీ చిరునామా. ఏ రోజు ఏ సమయంలో ఆ చిరునామా ఎవరి కనెక్షన్‌కు ఇచ్చారన్నది ఇంటర్నెట్ కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. అక్కడ ఉండేది బిల్లు కట్టేవారి పేరు, వారు ఇచ్చిన గుర్తింపు కార్డు నకలు. బెట్టింగ్ ఖాతా కావచ్చు, దొంగ ప్రొఫైల్ నుంచి ఓ ఆడపిల్లకు వెళ్లిన వేధింపు సందేశం కావచ్చు, సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు అందితే వాళ్లు ముందు వెళ్లేది ఆ చిరునామాకే. ‘ఆ రాత్రి నా వైఫైలో ఇంకెవరో ఉన్నారు సార్’ అని ఇంటాయన చెప్పుకోగలడు, నిరూపించడం మాత్రం కష్టం. ఇళ్లలో వాడే మామూలు రౌటర్లు పాత కనెక్షన్ల వివరాలు ఎక్కువ కాలం ఉంచుకోవు. చాలావాటిలో కరెంటు పోయి వస్తే ఆ కాస్త జాబితా కూడా చెరిగిపోతుంది. ఒకవేళ మిగిలినా, ఇప్పటి ఫోన్లు తమను గుర్తుపట్టించే అసలు మ్యాక్ చిరునామాను దాచి, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో మారు చిరునామా చూపిస్తున్నాయి. అంటే వాడుకున్నవాడు జాడ లేకుండా పోతాడు, కనెక్షన్ ఉన్నవాడు దొరికిపోతాడు.

దీన్ని కావాలనే ఆయుధంగా వాడినవాడు కూడా ఉన్నాడు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక వ్యక్తి పక్కింటివాళ్ల మీద కక్షతో వాళ్ల వైఫైలోకి చొరబడ్డాడు. ఆ ఇంటాయన పేరుతో దొంగ ఖాతాలు తెరిచి, అశ్లీల చిత్రాలను ఆయన సహోద్యోగులకు పంపాడు. అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్‌కు బెదిరింపు మెయిల్ కూడా పెట్టాడు. ఆ వైఫైకి పాస్‌వర్డ్ లేకపోలేదు. అయితే దానికి ఉన్నది వెప్ అనే పాత రక్షణ. అది పనికిరాదని నిపుణులు 2001లోనే తేల్చారు. ఆ పక్కింటాయన నిర్దోషిగా బయటపడటానికి నెట్‌వర్క్ రాకపోకలన్నీ నమోదు చేసే నిపుణుడి సాయం కావాల్సి వచ్చింది. నిందితుడికి 2011లో 18 ఏళ్ల జైలు శిక్ష పడింది. అలాంటి నిపుణుణ్ని పెట్టుకునే స్తోమత మన వీధిలో ఎంతమందికి ఉంటుంది?

ఇక నలుగురూ చెప్పే సమర్థన దగ్గరికి వద్దాం. ‘అన్‌లిమిటెడ్ ప్లానే కదా, నెలకు కట్టేది ఎలాగూ కడుతున్నాడు, మనం కాస్త వాడితే అతనికి పోయేదేముంది?’ మొదటిమాటగా, అన్‌లిమిటెడ్ అని అమ్మే ఇంటి ప్లాన్లకు కూడా మన దేశంలో హద్దు ఉంటోంది. చాలా ప్లాన్లలో నెలకు సుమారు 3,300 జీబీ దాటితే వేగం పడిపోతుంది. మామూలు కుటుంబం అంత వాడదు కాబట్టి ఈ వాదనను పెద్దగా పట్టుకోనక్కర్లేదు. అసలు నష్టం వేగంలో ఉంది. ఒక వైఫై చానల్ మీద ఏ క్షణంలోనైనా ఒక్క పరికరమే మాట్లాడాలి, మిగతావి వంతు కోసం ఆగాలి. రౌటర్ పక్కనే ఉన్న లాప్‌టాప్ తన వంతు చటుక్కున ముగించేస్తుంది. రెండు గోడల అవతల, బలహీనమైన సిగ్నల్ పట్టుకుని వేలాడే పక్కింటి ఫోన్ అదే సమాచారాన్ని చాలా నెమ్మదిగా తీసుకుంటుంది. వీధి కుళాయి దగ్గర సన్నమూతి బిందె పెడితే వరసలో ఉన్నవాళ్లందరూ ఎలా ఆగిపోతారో, ఇక్కడా అంతే. దూరం నుంచి వాడే ఒక్క ఫోన్ తాను తీసుకునే డేటాకు మించిన నష్టం చేస్తుంది. ఇంట్లో కూతురి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మాట తెగిపోతుంది. తండ్రి కంపెనీకి ఫోన్ చేసి కోప్పడతాడు. అసలు కారణం గోడ అవతల ఉందని వాళ్లకు ఎప్పటికీ తెలియదు. తెలియకుండా జరిగే నష్టం నష్టం కాకుండా పోదు.

మన ఊళ్లలో ఇదంతా ఎలా మొదలవుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. హైదరాబాద్ నిజాంపేటలోనో, విజయవాడ భవానీపురంలోనో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. ఫైబర్ తీగ లాగి, గోడకు పెట్టె బిగించిన కుర్రాడు ‘పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?’ అంటాడు. ‘గుర్తుండేది పెట్టు బాబూ, నా సెల్ నంబరే పెట్టేయ్’ అంటాడు ఇంటాయన. నెట్‌వర్క్ పేరుగా ఇంటిపేరో, ఫ్లాట్ నంబరో పెడతారు. ఆ సెల్ నంబరు కింద లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డు మీద, మెయింటెనెన్స్ బాకీల జాబితాలో అందరికీ కనపడేలా ఉంటుంది. రౌటర్ లోపలి సెట్టింగ్స్ తెరిచే పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే ఉండిపోతుంది. సెల్ నంబరు గట్టి పాస్‌వర్డ్ కాదని ఆ ఇంటాయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత ఆ కుర్రాడిని పంపిన కంపెనీది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు కేటాయించని కంపెనీలు వినియోగదారుడి అజాగ్రత్త గురించి మాట్లాడటం తగదు.

సంక్రాంతికి మేనల్లుడు వస్తాడు. ‘మావయ్యా, వైఫై పాస్‌వర్డ్ ఏంటి?’ అని అడిగి ఎక్కించుకుంటాడు. అంతవరకు ఏ తప్పూ లేదు. అడిగాడు, ఇచ్చారు. ఆ సాయంత్రం మేడ మీద గాలిపటాలు ఎగరేస్తూ పైఫ్లాట్ కుర్రాడితో స్నేహం కలుస్తుంది. ఫోన్‌లో ఒక మీట నొక్కితే పాస్‌వర్డ్ క్యూఆర్ కోడ్‌గా మారుతుంది, అవతలి ఫోన్ దాన్ని చదివేసుకుంటుంది. పండగ అయ్యాక మేనల్లుడు ఊరెళ్లిపోతాడు. పైఫ్లాట్ కుర్రాడు మిగిలిపోతాడు, అతని ద్వారా ఇంకో ఇద్దరు. తెలిసిన పాస్‌వర్డ్‌లను ఊరందరికీ పంచే యాప్‌లు కూడా ఉన్నాయి. వాటిలో ఎవరో ఒకరు ఎక్కిస్తే చాలు, ఆ వీధిలో నడిచే అపరిచితుడికి కూడా దారి దొరుకుతుంది. మావయ్య అనుమతి ఇచ్చింది మేనల్లుడికి. ఆ అనుమతిని ఇంకొకరికి ధారాదత్తం చేసే హక్కు మేనల్లుడికి లేదు. ఈ వ్యవహారంలో అన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చేది ఇదే. పాస్‌వర్డ్ కొట్టేసేవాళ్లు కొద్దిమంది. తమది కాని పాస్‌వర్డ్‌ను స్నేహం కొద్దీ పంచేసేవాళ్లు చాలామంది.

చట్టం ఏమంటోంది? సమాచార సాంకేతిక చట్టం-2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి గానీ నెట్‌వర్క్‌లోకి గానీ ప్రవేశించడం పరిహారం చెల్లించాల్సిన తప్పు. పాస్‌వర్డ్ ఛేదించారా లేదా అని ఆ సెక్షన్ అడగదు, అనుమతి ఉందా లేదా అనే అడుగుతుంది. అదే పని మోసపూరితంగానో, అక్రమ లాభం కోసమో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఒకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే 66సీ సెక్షన్ కూడా ఉంది. ముంబయి మెయిళ్ల తర్వాత, 2009 జనవరిలో అక్కడి పోలీసులు లాప్‌టాప్‌లు పట్టుకుని రక్షణ లేని వైఫైలను వెతుక్కుంటూ తిరిగారు. ఆ ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై భద్రతపై ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలు ఇచ్చింది. ఈనాడు రైల్వేస్టేషన్‌లోనో విమానాశ్రయంలోనో వైఫై వాడాలంటే ఫోన్ నంబరు, ఓటీపీ అడగడం వెనక ఉన్నది ఆ భయమే.

చట్టాన్ని ఉన్నదున్నట్టు ప్రతి చిన్న వాడకానికీ వర్తింపజేస్తే ఏమవుతుందో ఇతర దేశాలు చూశాయి. 2007లో అమెరికాలోని మిచిగాన్‌లో ఒకాయన రోజూ ఒక కాఫీ షాపు బయట కారు ఆపుకుని, దాని వైఫైలో మెయిల్ చూసుకునేవాడు. ఆ షాపు యజమానికి అది నేరమన్న సంగతే తెలియదు. అయినా కేసు పెట్టారు. 400 డాలర్ల జరిమానా, 40 గంటల సమాజసేవ. సింగపూర్‌లో అదే ఏడాది 17 ఏళ్ల కుర్రాడికి పక్కింటి వైఫై వాడినందుకు 18 నెలల ప్రొబేషన్ విధించారు. ఎవరికీ హాని తలపెట్టని పిల్లాడిని కోర్టు మెట్లెక్కించడం ఆ తప్పుకు తగిన శిక్ష కాదు. ఇంటిపక్కన తేలాల్సిన విషయం పోలీసు స్టేషన్ దాకా పోవాల్సిన పని లేదు.

జర్మనీ మరోవైపు నుంచి పొరపాటు చేసింది. అక్కడ వైఫైకి తగిన రక్షణ పెట్టుకోకపోతే, దాని మీదుగా బయటివాళ్లు చేసే కాపీరైట్ ఉల్లంఘనకు యజమాని కొంత బాధ్యత మోయాలని 2010 మేలో అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ కేసులో పాట బయటికి వెళ్లిన సమయంలో యజమాని సెలవుల్లో ఊళ్లోనే లేడు! లాయర్ నోటీసుల భయంతో కాఫీ షాపులు, చిన్న హోటళ్లు వైఫై ఇవ్వడానికే జంకాయి. చివరికి 2017లో చట్టం మార్చి ఆ బాధ్యతను చాలావరకు తొలగించాల్సి వచ్చింది. బరువంతా యజమాని నెత్తిన పెడితే పంచుకునే గుణమే చచ్చిపోతుంది. భద్రతా రంగంలో పేరున్న బ్రూస్ ష్నయర్ తన ఇంటి వైఫైని పాస్‌వర్డ్ లేకుండానే ఉంచుతానని 2008లో రాశారు. వచ్చినవాళ్లకు ఇంటర్నెట్ ఇవ్వడం మర్యాదలో భాగమని ఆయన భావం. ఆ మాటను నేను గౌరవిస్తాను. అయితే ఆయన తెలిసి ఇచ్చారు, పర్యవసానాలు ఎరిగి ఇచ్చారు. పాస్‌వర్డ్ గురించి తెలియని ఇంటాయన ఇవ్వలేదు, ఆయనకు తెలియక తెరిచి ఉండిపోయింది. బయటి నుంచి చూసే ఫోన్‌కు ఈ రెండు నెట్‌వర్క్‌లూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకునే మార్గం అడగడం ఒక్కటే.

అవసరం మాటేమిటి? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి వచ్చినప్పుడు, రోజుకు 1.5 జీబీ రీచార్జితో ఇద్దరు పిల్లల తరగతులు నడిపిన ఇళ్లు ఎన్నో. అపార్ట్‌మెంట్ మెట్ల మీద, సిగ్నల్ అందే మూల వెతుక్కుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న వాచ్‌మన్ పిల్లలను చూసినవాళ్లు ఆ దృశ్యాన్ని మరిచిపోలేరు. వాళ్లలో ఒక పిల్ల రెండో అంతస్తు వైఫై వాడుకుంటే దాన్ని దొంగతనం అనడానికి నాకు నోరు రాదు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, హాస్టల్లో ఫోన్ వాడకంపై ఆంక్షలను ప్రశ్నించిన ఒక విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని చెప్పింది. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు, వ్యాపారానికి రాజ్యాంగ రక్షణ ఉందని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేత కేసులో స్పష్టం చేసింది. హక్కు నిజమే. దాన్ని ఎవరిని అడగాలన్నదే ప్రశ్న. అడగాల్సింది ప్రభుత్వాన్ని. పింఛను మీద బతికే రెండో అంతస్తు రిటైర్డ్ మాస్టారి దగ్గర, ఆయనకు చెప్పకుండా వసూలు చేసుకునేది కాదు. ఆ మాస్టారిని ఆ పిల్ల అడిగి ఉంటే, ‘వాడుకో తల్లీ’ అనే ఉండేవారని నేను నమ్ముతాను. అడగడానికి భయపడే స్థితిలో ఆ పిల్లను ఉంచినవాళ్లం మనమే. ఆ తప్పు వాచ్‌మన్ కుటుంబంతో ఏడాదికి ఒక్కసారి కూడా తీరిగ్గా మాట్లాడని ఫ్లాట్లన్నిటిదీ.

ఎవరికీ చెడ్డపేరు రాకుండా అందరికీ అందించే దారులు ఉన్నాయి. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషన్‌తో రైల్‌టెల్, గూగుల్ మొదలుపెట్టిన ఉచిత వైఫై 2018 నాటికి 400 స్టేషన్లకు చేరింది. ఎర్నాకుళం స్టేషన్‌లో మూటలు మోసే ఒక కూలీ ఆ వైఫైలో పాఠాలు వింటూనే కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాత పరీక్ష గట్టెక్కాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు రూ.149కే ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తామన్నారు. ఆ ఉత్సాహం నిలబడి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం ఇంకా మంచి ఆలోచన. కిరాణా కొట్టు, టీ బంకు ఎవరైనా లైసెన్సు, రుసుము లేకుండా తమ దగ్గర వైఫై పెట్టి పది రూపాయలకో ఇరవై రూపాయలకో అమ్ముకోవచ్చు. వాడేవారు తమ పేరుతో లాగిన్ అవుతారు కాబట్టి కొట్టు యజమానికి ఏ తంటా ఉండదు. కానీ చిన్న కొట్లకు ఖరీదైన లీజ్డ్ లైన్లు తీసుకోవాలని ఇంటర్నెట్ కంపెనీలు పట్టుబట్టడంతో పథకం నత్తనడక నడిచింది. ఇంటి కనెక్షన్ ధరకు రెట్టింపు మించి వీళ్ల దగ్గర వసూలు చేయకూడదని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ హద్దు పెట్టింది. నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిన నిర్ణయం ఇది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇప్పుడైనా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కిక్కిరిసిన అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల, మండల గ్రంథాలయాల్లో ఈ వైఫైని ముందుండి పెట్టించాలి.

మనవంతు పని ఇంకా తేలిక. ఇప్పటి రౌటర్లలో చాలావాటికి గెస్ట్ నెట్‌వర్క్ అనే సదుపాయం ఉంది. ఇంటికి వచ్చినవాళ్లకు ఆ పాస్‌వర్డ్ ఇస్తే మన సీసీ కెమెరా, ప్రింటర్, కంప్యూటర్ ఉన్న అసలు నెట్‌వర్క్‌లోకి వాళ్లు రారు. పండగ అయ్యాక దాన్ని మార్చేస్తే గొలుసు తెగుతుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు తమ పేరు మీద ఒక కనెక్షన్ తీసుకుని, వాచ్‌మన్ కుటుంబానికి, పనివారి పిల్లలకు కింది అంతస్తులో వైఫై పెట్టించవచ్చు. నెలకు రూ.600 ప్లాన్ అనుకున్నా 20 ఫ్లాట్లకు తలా 30 రూపాయలు. వచ్చే సంఘం సమావేశంలో, పార్కింగ్ తగాదా కంటే ముందు ఈ అంశం పెట్టండి. ఎక్కడైనా పాస్‌వర్డ్ లేని వైఫై మీ ఫోన్‌కు కనిపిస్తే, కనెక్ట్ అవకముందే ఆ ఇంటి తలుపు తట్టి, మీ వైఫై తెరిచి ఉందని వాళ్లకు చెప్పండి. మీకు అవసరముంటే అప్పుడే అడగండి.